మా కుర్ర ఆఫీసర్ తొలి ఆర్డర్

మేం వర్జీనియాలోని షాంటిలీలో ఉంటాం. ఆరేళ్ల మా వేద స్కూల్లో అసలు నోరు విప్పదు. నాకు అదే బెంగ. మొన్న వేసవిలో పాతకాలపు తెరచాప ఓడ మీద షికారుకు వెళ్లాం. అక్కడ పిల్లల్లో ఒకరికి టోపీ పెట్టి కుర్ర నౌకాధికారిని చేస్తారు. ఆ ఆఫీసర్ "పుల్!" అని అరిస్తే పెద్దలంతా తాడు లాగి తెరచాప ఎత్తాలి. ఆ రోజు టోపీ వేదకు దక్కింది.

"ఆఫీసర్, ఆర్డర్ ప్లీజ్!" అన్నాడు కెప్టెన్. వేద పెదవి కదపలేదు.

"సారీ, షీ ఈజ్ వెరీ షై" అన్నాను, నాకే ఏడుపొస్తుంటే.

చివరికి కెప్టెనే అరిచాడు. అందరం లాగాం. తెరచాపతోపాటు నా మెడలోని చున్నీ కూడా తాడుకు చుట్టుకుని పైకి లేచింది. నేను మునివేళ్ల మీద నిలబడి గిలగిల్లాడాను.

"ఆపూ! అమ్మ చున్నీ! ఆపూ!"

వేద గొంతుకు ఓడంతా దద్దరిల్లింది. తెలుగు ముక్క రానివాళ్లందరూ ఠక్కున ఆగిపోయారు. కెప్టెన్ పరుగున వచ్చి చున్నీ విడిపించి, వేదకు సెల్యూట్ కొట్టాడు.

"ఇంట్లో నాకింకో బాస్!" అని మావారు ఒకటే నవ్వు.

చున్నీ చిరిగిపోయింది. బెంగా పోయింది. "కాస్త మెల్లగా మాట్లాడవే తల్లీ" అని ఇప్పుడు నేనే బతిమాలుకుంటున్నాను.