బీరువాలో నెట్టు పెట్టె

మెర్సీకి అసహ్యాలు ఎక్కువ. విజయనగరం ఆసుపత్రిలో ఆమెతో పనిచేసే నర్సులందరికీ ఆ సంగతి తెలుసు. చీము పట్టిన కాలు కడగమంటే మాత్రం ముక్కు కూడా మూసుకోదు. రోగి కోసం తెచ్చిన రొట్టెని దిండు కింద దాచి, బూజు పట్టాక బయటికి తీసే చుట్టాలని చూస్తేనే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటుంది. దాచుకునేవాళ్లంటే పడకపోవడం పుట్టింట్లో, అన్న ఏసురాజుని చూసి అబ్బింది.

ఏసురాజుకి పాలకొండలో సిమెంటు కొట్టుంది. సోఫా కొని ఏళ్లవుతున్నా ప్లాస్టిక్ కవరు విప్పడు. రిమోటుకి పాలిథిన్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేస్తాడు. ఫ్రిజ్జుకి తాళం. ఆ ఇంట్లో మంచినీళ్లు తాగినా ఎవరో లెక్క చూస్తున్నట్టే ఉంటుందని మెర్సీ పండగలకి కూడా అటు వెళ్లడం తగ్గించింది.

తల్లి దీనమ్మ పోయి ఏడాది నిండితే మాత్రం వెళ్లక తప్పలేదు. ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. గున్నమ్మ కూడా వస్తోంది. చర్చి పాటల జట్టులో దీనమ్మ పక్కనే నిలబడి జీవితమంతా పాడిన విధవరాలు ఆమె. తుంటి విరిగి మంచాన పడి స్నేహితురాలిని కడసారి చూసుకోలేకపోయింది. దీనమ్మ ఆఖరి రోజుల్లో గున్నమ్మ కోసమని ఒక పాట పాడితే మెర్సీ ఫోనులో వీడియో తీసింది. చూపు తగ్గిన గున్నమ్మకి దాన్ని పెద్ద టీవీలో చూపిస్తానని మాటిచ్చింది. పాట చివర దీనమ్మ తన చీరలు చర్చిలోని విధవరాండ్రకి ఇమ్మని కూడా చెప్పింది. ఆ మాట మెర్సీ అన్న చెవిన వేస్తే, క్రిస్మస్‌కి పంచేశానని ఆయన ఫోనులోనే చెప్పాడు.

ప్రార్థన అయింది. గున్నమ్మని టీవీకి ఎదురుగా కూర్చోబెట్టారు. మెర్సీ వీడియోని వెనక గదిలో కంప్యూటరులోకి ఎక్కించింది. పెన్‌డ్రైవ్ పెడితే ఆ టీవీ గుర్తు పట్టలేదు కాబట్టి ఇంట్లోని నెట్టు పెట్టె ద్వారా వైఫై మీద పంపించాలి. మెర్సీ అక్కడ నొక్కి టీవీ దగ్గరికి వచ్చింది. దీనమ్మ నోరు తెరిచి ఒక్క అక్షరం పలికి, కళ్లు సగం మూసుకుని ఆగిపోయింది. ముఖం మీద తెల్లని చక్రం తిరిగింది. మళ్లీ ఒక ముక్క పాట, మళ్లీ చక్రం. తల్లి ముఖం గళ్లు గళ్లుగా విడిపోయింది, చెంప ఒకచోట, పెదవి ఒకచోట.

"ఏటే మెర్సీ, దీనమ్మకి ఆయాసమా?" అంది గున్నమ్మ.

పాస్టరుగారు అందరి ఫోన్లూ ఆపించారు. వదిన రాణి టీవీని కొంగుతో తుడిచింది. ఏసురాజు కిటికీలోంచి పైకి చూసి, "మబ్బేసినాది, అందికే," అన్నాడు.

"ఆ గదిలోంచి ఈ గదిలోకి రావడానికి మబ్బేటి అడ్డు, అన్నియ్యా? నెట్టు పెట్టె ఎక్కడున్నాది?"

ఆయన సోఫా కవరు సర్దాడు. మెర్సీ బయటి నుంచి వచ్చే నెట్టు వైరు వెంట బయల్దేరింది. కిటికీ నుంచి గోడ వెంట పాకిన ఆ వైరు పక్క గదిలో గుమ్మానికి ఎదురుగా ఉన్న తల్లి ఇనప బీరువా వెనక్కి పోయి, డ్రిల్లుతో వేసిన కన్నంలోంచి లోపలికి దూరింది. నవ్వాలో ఉమ్మాలో ఆమెకి తెలియలేదు.

"బీరువాలో పెట్టినావా?"

"మరేటి సెయ్యమంటావు? పక్కింటోళ్లు మన నెట్టంతా వాడీస్తన్నారు. ఇనుములోంచి బయటికి పోదని పెట్టినాను."

"బాగానే పెట్టినావు. టీవీకీ పోవడం నేదు. తాళం ఇయ్యి."

"ఎక్కడ పెట్టినానో ఏటో."

"మీ మొలతాడుకే ఉన్నాది కదండీ," అంది రాణి తల వంచుకుని.

తలుపు తెరవగానే కలరా ఉండల కంపు, వేడి ఆవిరి ముఖానికి కొట్టాయి. మధ్య అరలో పచ్చ దీపాలు మినుకుమంటూ నెట్టు పెట్టె. దాని చుట్టూ, కిందా మీదా, దీనమ్మ చీరలు. ఒక్కటీ తగ్గలేదు. ఆదివారాలు కట్టే తెల్ల చీరలు పెట్టె వేడికి మడతల దగ్గర పసుపెక్కాయి.

"అమ్మ గురుతులు కదా, సేతులు రానేదు," అన్నాడు ఏసురాజు గొంతు తగ్గించి. "తరవాత మాటాడుదాం. ముందు తలుపెయ్యి, అందరూ సూస్తన్నారు."

మెర్సీ పెట్టెని లాగి బీరువా నెత్తిన పెట్టింది. తలుపు వేయలేదు.

ఈసారి దీనమ్మ ఎక్కడా ఆగలేదు. గున్నమ్మ ముందు పెదవులు కదిపింది, తర్వాత గొంతు కలిపింది. పాట అయ్యాక దీనమ్మ దగ్గి, దిండుకి జారబడింది. "గున్నమ్మా, నా సీరలు నువ్వూ, మిగతావోళ్లూ కట్టుకోండి. దాసుకోకండి."

ఏసురాజు రుమాలులో ముఖం పెట్టి అందరికన్నా గట్టిగా ఏడ్చాడు.

"ఏ సీరలే, మెర్సీ?" అంది గున్నమ్మ. "నాకెవలూ ఇవ్వనేదు."

కూడికకి వచ్చినవాళ్లంతా తెరిచిన బీరువా వైపు తిరిగారు. మెర్సీ చీరలన్నీ కౌగిలించుకుని తెచ్చి గున్నమ్మ ఒళ్లో పెట్టింది. ముసలామె పైదాన్ని విప్పబోతే పసుపెక్కిన మడత వెంట నిలువునా చిరిగింది.

"పర్వానేదే, కుట్టీసుకుంటాను," అంటూ ఆమె ఆ చిరుగుని వేళ్లతో దగ్గరికి పట్టుకుంది.

ఏసురాజు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని బీరువా నెత్తికేసి చూశాడు. "మరి అది అక్కడే ఉంటే నెట్టు పక్కింటికి పోతాది కదా," అన్నాడు.

మెర్సీ తన చీర చెంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.