ఏనుగురెప్పాకు

పోయిన శుక్రవారం అనుమసముద్రంపేట దర్గా వీధిలో తెగిన చెప్పు కుట్టించుకుంటూ నిలబడ్డవాణ్ణి, పక్కన గోనెపట్టా పరిచి వేళ్లూ ఆకులూ అమ్ముతున్న మనిషి కేక చెవిన పడగానే ఒంటి చెప్పుతోనే అటు గెంతాను. కంటి మసకకి ఏనుగురెప్పాకు అని అరుస్తున్నాడు. ఆ పేరు మీరెప్పుడూ విని ఉండరు, అందులో మీ తప్పేమీ లేదు. అది ఉదయగిరిలో, ఏడో తరగతిలో, ఒక్క పావలా కోసం నేను పుట్టించిన పేరు. ఆ కేక విన్నప్పటి నుంచి కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే కునుకు లేదు.

మా ఈడువాళ్లకు గుర్తుంటుంది, అప్పట్లో బడిలో దేనికైనా చందా కావాలంటే పిల్లల కాళ్లే దిక్కు. ఊరికే చెయ్యి చాపడం నామర్దా అని మా సైన్సు మాస్టారు, కొండ మీది ఆకులు నేర్చుకుని ఇంటింటికీ తిరగమన్నారు. ఆకు చూపించి దాని పేరూ గుణమూ చెబితే ఆ ఇంటివాళ్లు పావలా ఇవ్వాలి. నేర్పడానికి మా వీధి చివర మేకలు కాసే అవ్వను ఒప్పించారు. అవ్వకు అక్షరం ముక్క రాదు గానీ, మేక ఏ ఆకు కొరికిందో, ఏది వదిలిందో చూపిస్తూ వందల పేర్లు చెప్పేది.

డబ్బు ఎవరికంటే, బడిలో నా పక్కన కూర్చునే పిల్లకి. సోమశిల ప్రాజెక్టు నీళ్లలో ఊరు మునిగితే మా వీధికి వచ్చిన కుటుంబం వాళ్లది. ఆ పిల్లకు దూరం చూపు ఆనదు. బోర్డు కనపడనిదానికి బడెందుకు, దసరా సెలవులయ్యాక వేరుశనగ చేలకు కూలికి పంపుతానని వాళ్ల నాయన తేల్చేశాడు. ఈలోగా కళ్లద్దాలు వస్తే బడి, లేకపోతే లేదు. అంతవరకూ బోర్డు ఆమెకు చదివి వినిపించేది నేనే. చదువుతూ నాలుగు మాటలు సొంతంగా కలిపేవాణ్ణి. అశోకుడు మన కొండెక్కి తేనెపట్టు కొట్టాడని ఆమె పరీక్షలో రాసిందంటే ఆ పుణ్యం నాదే.

కొండ మీద చిరుతకు మజ్జిగ పోశానని చెప్పుకు తిరిగే నాకు, అవ్వ వెనక నిదానంగా నడిచి నేర్చుకునే ఓపిక ఎక్కడిది? తంగేడు, ఉత్తరేణి, నేలవేము అంటూ పన్నెండు ఆకులతో నా విద్య అయిపోయింది. ఇళ్లు చూస్తే ఇంకా చాలా మిగిలాయి, సెలవులు తరుముకొస్తున్నాయి. ఆకంటే తమలపాకు తప్ప ఎరగని బట్టల కొట్టు పెదనాయన దగ్గరికి పోయి, రాతి నెర్రెలో పీకిన నూగు ఆకు ఒకటి చూపించి, ఇది ఏనుగురెప్పాకు, రాజుల కాలంలో కొండ మీది ఏనుగులు కళ్లకు రుద్దుకునేవి, పసరు కంట్లో పిండితే మసక విడిపోతుందని దంచాను. ఆయన పావలాకు బదులు రూపాయి ఇచ్చాడు. ఆకు గడప దగ్గర పారేసి ఎగురుకుంటూ పోయాను. బయట నా కోసం నిలబడ్డ ఆ పిల్ల అంతా విన్నదనీ, ఆ ఆకు ఏరుకున్నదనీ చూడలేదు.

మర్నాడు ఆమె బడికి రాలేదు. వెళ్లి చూద్దును గదా, రెండు కళ్లూ చింతనిప్పులై, అవ్వ ఒడిలో తల పెట్టుకుని ఉంది. అవ్వ కుండనీళ్లతో కడుగుతూ తలెత్తింది.

"మేక గూడా మూతి పెట్టని ఆకురా ఇది. దీనికి పేరెవుడు పెట్టినాడు?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు కథ తోచలేదు. "నేనే అవ్వా" అన్నాను.

"మేకకుండే బుద్ధి నీకు లేకపాయె. పో, మీ అయ్యవారిని పిల్చకరా."

మాస్టారు ఆ పిల్లను బస్సులో ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకెళ్లి వచ్చేదాకా నేను రోడ్డు మీద ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో నా కాళ్లకే తెలుసు. చూపు పోలేదు. మిగతా పిల్లలు నిజం పేర్లు చెప్పి తెచ్చిన పావలాలతో సెలవులకు ముందే అద్దాలొచ్చాయి. నా రూపాయి మాత్రం మాస్టారు ముట్టలేదు. తిరిగివ్వబోయి జరిగింది చెబితే పెదనాయన పకపకా నవ్వి, "ఇది గూడా నీ కతేనంట్రా?" అన్నాడు. అప్పటికే ఆ ఆకు సంగతి కొట్టుకి వచ్చిన వాళ్లందరికీ చెప్పేశాడట.

అద్దాలు పెట్టుకున్న రోజు ఆ పిల్ల బోర్డు వంక చాలాసేపు చూసింది.

"ఇంతేనా రా ఉండేది? నువ్వు చదివితే ఇంకా శానా ఉన్నట్టుండేదే!"

తిట్టిందో మెచ్చుకుందో ఈనాటికీ తేలలేదు. మర్నాటి నుంచి వెనక బెంచీలో కూర్చుంది, అక్కడి నుంచి కూడా కనపడుతుందని.

దర్గా వీధిలో ఆకులమ్మే ఆ మనిషికి ఇదంతా చెప్పాను, దేవుడి మీద ఒట్టేసి, ఒక్క ముక్క కలపకుండా. "పో అన్నా, మా తాత కాలం నాటి మందు ఇది. కొంటే కొను, గిరాకీ చెడగొట్టబాక" అన్నాడు. పట్టా మీది ఆకంతా కొని కాలవలో కలిపి వచ్చాను గానీ, కొండ మీద ఆకుకు కొదవా?

అవ్వ పోయి చాలా ఏళ్లయింది, ఆ వందల పేర్లూ ఆమెతోనే పోయాయి. నేను నేర్చుకున్న పన్నెండులో ఇప్పుడు ఏడే గుర్తొస్తున్నాయి, వాటినీ అడిగేవాళ్లు లేరు. నా అబద్ధం మాత్రం నీళ్లు చల్లించుకుని పచ్చగా ఉంది. రేపు మళ్లీ శుక్రవారం, మళ్లీ పోవాలి. నా మాట నమ్మరు సరే, ఆ ఆకు చూసి మూతి తిప్పుకునే మేకైనా ఒకటి ఆ దారిన రాకపోతుందా అని.