గోడ అవతలి దగ్గు

శుక్రవారం, షార్జా. ఉతికినవి రెండు బకెట్ల బట్టలు, ఇస్త్రీ తొమ్మిది చొక్కాలు, పొయ్యి మీద రెండు కిలోల బీఫ్ చిల్లీ.

దానికోసం ఎండుమిర్చి వేయించినప్పుడల్లా పక్క ఫ్లాట్‌లో పనిచేసే మరియమ్మ దగ్గుతూ గోడ మీద కొట్టేది, "చంపేత్తావా అక్కా" అని. ఈ రోజు ఇంటిల్లిపాదీ దగ్గాం, గోడ పలకలేదు.

ఆమెకు బాకీ ఉన్న గిన్నెడు మిర్చి పట్టుకెళ్లి తలుపు తట్టాను.

"మరియమ్మ ఖలాస్. కల్ ఇండియా గయీ," అన్నాడు ఆమె యజమాని, తలుపు సందులోంచి. పని మానేసి నిన్ననే ఇండియా వెళ్లిపోయిందట. గడప దగ్గర ఆమెకున్న ఒక్క జత చెప్పులూ అలాగే ఉన్నాయి.

ఇంటికొచ్చి ఆ మిర్చంతా మూకుడులో పోసి మాడ్చాను. గోడకు చెవి ఆనించాను. ఒక్కసారి దగ్గు వినిపించి, ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది. మరియమ్మ దగ్గే.

మా ఆయన పోలీసుల దగ్గరికి బయలుదేరారు. దగ్గు విన్నామంటే వాళ్లు నమ్ముతారా, మీరే చెప్పండి.

మరియమ్మకు ఇవ్వాల్సిన గిన్నెడు మిర్చి చెల్లు.