మీసం పెంచిన రాణి

సిద్దిపేటలో కాశయ్య పంతులంటే యక్షగానం నేర్పే పంతులు. పొద్దంతా మగ్గం నేసేవాడు, సాయంత్రం ఆట నేర్పేవాడు. ఆయన దగ్గర నడక, పాట, ఏడుపు నేర్చుకున్నవాళ్లు దుబ్బాక దాకా ఉన్నారు. అయితే పంతులు కావాలని ఆయనేమీ కోరుకోలేదు. ఎలా అయ్యాడో ఆయన శిష్యుడు మల్లేశం చెప్పగా విన్నాను.

ఇరవై ఏళ్లు నిండకముందే కాశయ్యకు మేళంలో రాణి వేషం దొరికింది. అప్పట్లో ఆడవాళ్లు ఆటలోకి వచ్చేవారు కాదు. మగవాడు రాణి కావాలంటే మీసం తీయాలి. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీస్తే తండ్రి చావు కోరినట్టే లెక్క. కాశయ్య తీశాడు. పదేళ్లు తీస్తూనే ఉన్నాడు.

"ఏం కాశన్నా, మీ నాయిన ఎప్పుడు పోయిండు? మాకు కబురన్న చెప్పకపోతివి!" అని బజారులో ఎవరో ఒకరు ఆపేవారు. ఆయన నవ్వేసి పోయేవాడు. ఇంట్లో తండ్రి పోశయ్యకూ ఆ మాటలు చెవిన పడేవి. కొడుకు ఆట ఆయన ఒక్కటీ చూడలేదు.

పంతొమ్మిది వందల నలభై నాలుగులో పోశయ్యకు దగ్గు పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోయినా తగ్గలేదు. ఒకరోజు కొడుకును పిలిచాడు.

"నాకేం అక్కెర లేదురా. నేను పోయినంక మంగలాయన నీ మొకం మీద కత్తి పెడితే, తీయనీకె ఏదన్న ఉండాలె. గంతే."

రెండు రోజులు కాశయ్యకు అన్నం సయించలేదు. మూడో రోజు గడ్డం గీయించుకుంటూ పైపెదవి వదిలేయమన్నాడు.

మేళం పెద్ద మండిపడ్డాడు. "రాణి లేకుంటే రాజు ఎవలితోని మాట్లాడాలెనయ్యా, గోడతోనా?"

"నాయిన లేనోన్ని ఒగన్ని చూడుండ్రి. నేను నేర్పుత."

అలా దొరికినవాడే మల్లేశం. తండ్రి ఎప్పుడో పోయాడు. మనిషి సన్నమే గానీ నడక మాత్రం బస్తాలు మోసేవాడిది. కాశయ్య అతని చీలమండలకు ఒంటి నూలుపోగు కట్టి నడవమన్నాడు. పోగు తెగితే మళ్లీ మొదటికి.

"మామా, నూలంత నా కాళ్లకే అయిపాయె. ఇగ చీరెలేం నేస్తవ్?"

"నువ్వు నడువు బిడ్డా. చీరె కట్టుకునేది నువ్వే."

ఏడుపు నేర్పడానికి మాటలు చాలలేదు. గుబురు మీసంతోనే కాశయ్య, కొడుకును పోగొట్టుకున్న రాణిలా కుప్పగూలి, లేని కొంగు నోట్లో కుక్కుకొని పాడి చూపాడు. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. రెండో చరణానికి ఎవరూ నవ్వలేదు.

మూడేళ్లు గడిచాయి. "ఇంకెన్నొద్దులు కాశన్నా, మళ్ల రాణివి అయ్యెటందుకు?" అని జనం ఇప్పుడు ఇంకోరకంగా అడిగేవారు. ఆ మాటకు ఆయన నవ్వకుండా గబగబా నడిచిపోయేవాడు. చిన్నకోడూరులో ఆట ఉందని తెలిసినప్పుడల్లా, తండ్రి దగ్గు వినిపించే గదివైపు తన కళ్లు పోతున్నాయని ఆయనకు తెలుసు.

ఒకనాడు అన్నం తినిపిస్తుంటే పోశయ్య అడిగాడు.

"నా కోసం ఆగినవా కొడుకా, నేను పోవుడు కోసం ఆగినవా?"

ముద్ద కాశయ్య చేతిలోనే ఉండిపోయింది. పోశయ్యే ముందుకు వంగి ఆ ముద్ద అందుకున్నాడు.

ఆ ఎండాకాలమే ఆయన పోయాడు. మంగలి కత్తి పెట్టిననాడు తీయడానికి మీసం ఉంది.

దినాలు అయ్యాక మల్లేశం రాణి చీర, గాజులు మూటగట్టి తెచ్చి ముందు పెట్టాడు.

"మామా, ఇగ అడ్డమేముంది? నీ జాగ నీదే."

కాశయ్య మూట విప్పి చీర మడతలు సరిచేశాడు.

"గిప్పుడు కట్టుకుంటే, గా మూడేండ్లు మా నాయిన చావుకు ఎదురుచూసినట్టయితదిరా. చూసిన్నో లేదో నాకే తెల్వది. కట్టుకుంటే తెలిసిపోతది."

మళ్లీ మూటగట్టి మల్లేశం చేతిలో పెట్టాడు.

ఆ తరువాత ఆయన ఏనాడూ వేషం కట్టలేదు. చంద్లాపూర్‌లో కొత్త మేళం పెడతామంటే పోయి, ఆరునెలలు ఉండి నేర్పాడు. మల్లేశం ఆటలన్నిటికీ పక్కన నిలబడి తాళం వేశాడు. రాణి ఏడ్చే చోట ఆయన పెదవులు కదిలేవట. గొంతు మాత్రం బయటికి రానిచ్చేవాడు కాదట.