జరమొస్తేనే బ్రెడ్డు

మా అమ్మాయి ఓవెన్ తలుపు తీయగానే వెన్నలో వేగిన ఎల్లిగడ్డ రెబ్బల వాసన ఇల్లంతా కమ్ముకుంది. బ్రెడ్డు మీద చీజు ఇంకా కుతకుతలాడుతోంది.

హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో, నా చిన్నప్పుడు, ఇంటికి బ్రెడ్డు వచ్చేది ఎవరికైనా జ్వరం వస్తేనే. పాలలో ముంచి తినిపించేవారు. దుబాయిలో హోటల్ వంటపని చేసే బాపు ఒక ఎండాకాలం చెప్పాపెట్టకుండా వచ్చి, మర్నాడే పెనం మీద బ్రెడ్డు కాల్చాడు. దంచిన ఎల్లిగడ్డ వెన్నలో కలిపి పూసి, అక్కడినుంచి తెచ్చిన చీజు పరిచి మూతపెట్టాడు.

"బాపూ, ఎవలకు జరమొచ్చింది?" అన్నాను.

బాపు పడీపడీ నవ్వాడు. "ఎవలకు రాలే బిడ్డా. గిది ఆడ షేకులు తినేది. నువ్వు తిను."

చీజు తీగలా సాగుతుంటే నేనూ నవ్వాను. నేను అవ్వ అని పిలిచే మా అమ్మ మాత్రం గోడ వైపు తిరిగి కూర్చుంది. బాపు ఒక్కసారి కొరికి, మిగతాదంతా నా పళ్లెంలోనే వేశాడు. అంతా నాకే దొరికిందని సంబరపడ్డాను.

వానలు పడకముందే బాపు చనిపోయాడు. జబ్బు ముదిరిందని తెలిసే హోటల్‌వాళ్లు ఆయనను ఇంటికి పంపేశారని, ఎన్నో ఏళ్ల తర్వాత అవ్వ చెప్పింది.

"అమ్మా, చల్లారిపోతది, తిను," అంటూ మా అమ్మాయి పళ్లెం చాపింది. ముక్క అందుకోబోయిన నా చెయ్యి, ముందు దాని నుదుటి మీదికి వెళ్లింది.