రాగికి కాక

మా పక్కింటి పిన్నిగారు మచిలీపట్నంలో రోల్డ్‌గోల్డ్ గాజులు చేసేవారు. చేతికి ఏ తీగ దొరికినా తల ఓ పక్కకు వాల్చి, బొటనవేలితో వంచి చూడటం ఆవిడ అలవాటు. విరిగితే "పోయింది" అనేవారు, వంగితే "బతికింది". రాగి, ఇత్తడి, ఇనుము, చివరికి మా స్టీలు గరిటె కాడ కూడా ఆ పరీక్ష తప్పించుకోలేదు.

స్కూటీ మీద నుంచి పడి నా కాలు విరిగితే లోపల రాడ్డు వేశారు. చూడటానికొచ్చిన ఆవిడ ముందు అడిగింది దాని గురించే.

"ఏం లోహమమ్మా?"

"టైటానియమంట పిన్నిగారూ. చాలా గట్టిదంట."

"నేను వంచి చూడందే ఏం చెప్పను!"

రాడ్డు గట్టిదే. మోకాలే బిగుసుకుపోయింది. అది వంగితే గాని నేను మళ్ళీ కుట్టుమిషను తొక్కలేను. నొప్పికి భయపడి వ్యాయామాలు మానేశాను. ఆ సంగతి తెలిసి ఆవిడ వేడి ఉప్పు మూటతో వచ్చారు.

"కొట్టీ కొట్టీ రాగి బిరుసెక్కుద్ది. అంతమాత్రాన పారేస్తామా? కాస్త కాక చూపిస్తే మళ్ళీ మాట వినుద్ది."

రోజూ మధ్యాహ్నం కాపడం పెట్టి, నా మడమ పట్టుకుని, తల ఓ పక్కకు వాల్చి మెల్లగా వంచేవారు. నేను తిట్టినా వదిలేవారు కాదు. చివరికి ఒకరోజు మోకాలు వంగి, నా పాదం నేను కూర్చున్న కుర్చీ కిందకి వెళ్ళింది.

"బతికింది" అన్నారు.

అని ఇంటికెళ్ళి, జాకెట్టు గుడ్డ తెచ్చి నా మిషను మీద పెట్టారు.