మచ్చ చుట్టూ పెన్సిలు గీత

తూర్పుకు తిరిగి కూర్చుని, మూడు గుక్కలు కృష్ణ నీళ్లు తాగి, మా ఆవిడ మీద ఒట్టేసి రాస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఒట్టెందుకంటే, నా మాటకు మా వీధిలో విలువ లేదు. బుడమేరు వాగు పొంగినప్పుడు మా మెట్ల మీదకు మొసలి వచ్చిందని చెబితే పదిమంది కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. చూస్తే అరటి బోదె. అప్పటినుంచి నేను వాన పడుతోందన్నా జనం కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుంటున్నారు.

నీళ్లు తీశాక కొన్నాళ్లకు పడకగది గోడ మీద మచ్చ కనిపించింది. మొదట అరచేయంత. ఆకుపచ్చగా, మధ్యలో ఎర్రజీరతో, గోడలోకి గుంటపడినట్టు ఉంది. మా ఆవిడకు ఉబ్బసం. ఆ గదిలో పడుకుని లేచినప్పుడల్లా ఛాతీలో పిల్లికూతలు. ఒక మధ్యాహ్నం ఉలిక్కిపడి లేచి కూర్చుని గాలి కోసం నోరు తెరిచింది. చేత్తో గోడను చూపించింది. ఇన్‌హేలరు ఎదురుగానే ఉన్నా నా చేతికి దొరకలేదు. ఏ సంగతినైనా పదింతలు చేసి చెప్పే నాకు, ఆ నిమిషాన్ని పెంచి చెప్పడం ఇప్పటికీ చేతకాదు.

మేడ మీదుండే ఇల్లుగలావిడ దగ్గరికి పరిగెత్తాను.

"పిన్నిగారూ, ఆ గోడ పూత మొత్తం గీకించాలండీ. లోపలేదో ఉంది. రోజురోజుకీ పెరుగుతోంది."

"మొసలంత అయిందా బాబూ?"

"మా ఆవిడకు ఊపిరాడటం లేదండీ."

ఆవిడ నవ్వు ఆగింది. "అయ్యో. అయితే మంచి పెయింటు వేయిస్తాలే. ఇప్పుడు చెమ్మ ఎవరింట్లో లేదు చెప్పు? గోడ కదిపితే పైనున్న నేను కిందికొస్తాను."

ఇంకో ఇల్లు చూసుకుందామంటే, వరద చూసిన ఊళ్లో మేడ మీద వాటా ఖాళీగా ఎక్కడుంటుంది?

పక్కింటి మాస్టారు పాస్టర్లు కాబోయేవాళ్లకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రం పూట నేను ఆయనకు కోతలు కోస్తాను. ఆయన నాకు బైబిల్లోని పూర్వపు ఇశ్రాయేలీయుల యాజకుల సంగతులు చెబుతారు. యాజకుడంటే మన పూజారిలాగే హారతిచ్చి తీర్థం పోస్తాడనుకునేవాణ్ణి. కాదట. బలిపీఠం మీద నిప్పు ఆరనివ్వకూడదు. బూడిద తనే ఎత్తాలి. బలిరక్తం చల్లాలి, దీపాలకు నూనె చూడాలి, వారం వారం దేవుడి ముందు రొట్టెలు మార్చాలి. ఇవిగాక మనుషుల ఒంటి మీద మచ్చలు చూడాలి. బట్టల మీదవి, చివరికి గోడల మీదవి కూడా.

"గోడలకు కూడా ఆయనేనా మాస్టారూ?"

"ఆయనేనయ్యా. వైద్యం చెయ్యడు. చూస్తాడు, చెబుతాడు. శుద్ధమో, అశుద్ధమో. ఇంటివాడు వెళ్లి 'మా ఇంట్లో తెగులుంది' అని తేల్చెయ్యడానికి లేదు. 'తెగులు లాంటిది కనిపిస్తోంది' అనాలి. అంతవరకే వాడి హక్కు."

ఇల్లుగలావిడ పిల్లలిద్దరికీ ఇంగ్లీషు వచ్చిందంటే ఈయన ట్యూషను చలవే. ఆయన మాటంటే ఆవిడకు గురి. అది గుర్తొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"మాస్టారూ, మా ఇంట్లో తెగులు లాంటిది కనిపిస్తోందండీ."

ఆయన కళ్లజోడు తీసి నా మొహం చూశారు. "నేను యాజకుణ్ణి కానయ్యా. ఆ వంశమూ కాదు, ఆ కాలమూ కాదు."

"చూసి చెప్పడానికి కళ్లు చాలు కదండీ."

"సరే. ముందు గది ఖాళీ చెయ్యి. యాజకుడు గడప తొక్కకముందే సామాను బయటపెట్టేవాళ్లు. ఆయన అశుద్ధమన్నాక లోపలున్న చెంబూ తపేలా కూడా మైలే. పేదవాడి సామాను దక్కాలని ఆ ఏర్పాటు."

మంచం, పరుపు, బట్టల మూటలు వీధిలో పెట్టాను. స్కూటరు మీద పోతున్న ఒకాయన ఆగి, "ఖాళీ చేస్తున్నారాండీ? వాటా ఎలా ఉంటుంది?" అన్నాడు. లోపల తెగులుందేమో తేల్చుతున్నామన్నాను. కాలు కింద పెట్టకుండానే పోయాడు.

మాస్టారు వచ్చారు. పిన్నిగారూ దిగొచ్చారు. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి మచ్చ అంచు వెంబడే చుట్టూ గీత గీశారు. "ఏడు రోజులు తలుపు మూసెయ్యండి. మచ్చ గీత దాటితే గోడ గీకించాలి. దాటకపోతే పెయింటు చాలు."

"మీరెట్లా అంటే అట్లాగే మాస్టారూ," అని ఆవిడ తాళంచెవి కొంగున ముడేసుకున్నారు.

మా ఆవిణ్ణి పటమటలో వాళ్లక్కయ్య ఇంటికి పంపాను. ముందుగదిలో నేనూ, తలుపు అవతల అదీ మిగిలాం. అన్నం తింటున్నా కళ్లు తలుపు మీదే. తలుపు సందులోంచి తడి గోనెసంచి వాసన. జనాన్ని భయపెట్టి బతికిన వాణ్ణి, తాళం వేసిన గదికి వీపు తిప్పలేకపోయాను. రోజూ ఫోను వచ్చేది. "ఇక్కడ ఊపిరి హాయిగా ఉందండీ. ఎప్పుడు రమ్మంటారు?" రమ్మంటే ఆ గదిలోకే రమ్మనాలి.

ఏడో రోజు తలుపు తీశాం. ఎడమపక్క మచ్చ గీతను నాలుగు వేళ్ల మేర దాటి ఉంది. పిన్నిగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. మాస్టారు అరచెయ్యి గోడకు ఆనించి, నొక్కి చూసి, క్లాసులో చెప్పినట్టు చెప్పారు: "అశుద్ధం. గీకించండి."

మేస్త్రీ పలుగు వెయ్యగానే పెచ్చు పెచ్చుగా రాలింది. లోపలి ఇటుక తడిసిన బెల్లంలా వేళ్లకు వచ్చేసింది. ఇటుకల మధ్య నల్లటి బూజు, జుట్టులా.

"అమ్మో, ఇన్నాళ్లూ ఆ పిల్ల దీని పక్కన పడుకుందా!" అన్నారు పిన్నిగారు.

ఆ మట్టి మొత్తం ఊరి బయట పోయించారు మాస్టారు. కొత్త ఇటుక, కొత్త పూత ఆరాక మా ఆవిడ వచ్చింది. పిల్లికూతలు లేవు.

ఒట్టేశాను గనక ఇక ఒప్పుకోవాలి. మచ్చ గీత దాటలేదు. అది నా కల్పన. ఇక్కడే కాదు, ఆ గోడ మీద కూడా. ఆ తాళానికి రెండో చెవి నా దగ్గరుంది. ఐదో రోజు తీసి చూస్తే మచ్చ గీతకు లోపలే, బుద్ధిగా ఉంది. సంతోషించలేకపోయాను. పెయింటు వేసేస్తారు, ఆమె వచ్చి దాని పక్కన పడుకుంటుంది. ఎడమపక్క గీత రబ్బరుతో చెరిపి, నాలుగు వేళ్లు లోపలికి జరిపి గీశాను.

గోడ గీకిన సాయంత్రం మాస్టారు అన్నారు, "నాకు చెయ్యి వణుకుతుందయ్యా. ఎడమపక్క గీత వణకలేదు."

"మరి అశుద్ధమని ఎందుకన్నారండీ?"

"గీత చూసి అనలేదు. చెయ్యి ఆనిస్తే గోడ మెత్తగా లోపలికి పోయింది."

"పోకపోయి ఉంటే?"

"శుద్ధమనేవాణ్ణి. మీ ఆవిడంటే నాకూ జాలే. కానీ చూడాల్సింది గోడను కదా."

ఆయన మంచినీళ్లు తాగి లోపలికి వెళ్లిపోయారు. నేను వీధిలోనే నిలబడి పటమటకు ఫోను చేసి, ఇంకో పది రోజులు అక్కడే ఉండమన్నాను.

"ఎందుకండీ? గోడ తీసేశారుగా?"

ఎప్పుడూ నాలుక చివరనుండే అబద్ధం ఒక్కటీ అందలేదు. "మళ్లీ వస్తుందేమోనని భయంగా ఉంది," అన్నాను.